చూచినవానికి పాపము కలదా?

దసరా రోజులలో, మహానవమినాడు, బెంగుళూరులోని పీణ్యలో యంత్రాలు ఆగిపోతవి. తుమకూరు రోడ్డు నానుకొని 1970ల చివరలో ఏర్పడిన ఈ పారిశ్రామికవాడలో వేలకొలది చిన్న చిన్న కర్మాగారాలున్నవి. ఆనాడు ప్రతి షెడ్డును కడిగి, లేతు యంత్రాలకు, పవర్ ప్రెస్సులకు పసుపు కుంకుమలు పెట్టి, బంతిపూల దండలు వేసి, గుమ్మానికి అరటిపిలకలు కట్టి ఆయుధపూజ చేస్తారు. పూజ చివర ఒక బూడిదగుమ్మడికాయకు తొడిమవైపు గంటు పెట్టి, అందులో కుంకుమ నింపి, చిల్లర నాణేలు వేసి, పైన కర్పూరం వెలిగించి, యంత్రాల చుట్టూ త్రిప్పి వాకిట నేలకు కొడతారు. కాయ పగులుతుంది. తెల్లని గుజ్జుమీద ఎర్రని నీరు పారుతుంది.

ఆ షెడ్లలో కొన్నింటికి యజమానులు జైనులు. ఇనుము, ఇత్తడి, కరెంటు సామాను అమ్మే అంగళ్ళతో మొదలుపెట్టి, పిమ్మట తయారీలోకి దిగిన కుటుంబాలవి. గుమ్మడికాయకు డబ్బిచ్చేవాడు యజమాని. కొట్టేవాడు మేస్త్రీ. యజమాని చెప్పులు విడిచి ప్రక్కన నిలబడతాడు. కాయ పగిలే క్షణంలో ముఖం త్రిప్పుకొనేవారు కొందరు, ఫోనుతో ఫొటో తీసి బంధువులకు పంపేవారు కొందరు. ఇంట్లో పెద్దవారెవరైనా ఆ ఫొటో చూచి, "ఇది పిండికోడి కాదటయ్యా?" అని అడిగితే జవాబు చెప్పడం సులభం కాదు.

పిండికోడి మాట తెలియని జైన కుటుంబం అరుదు. సోమదేవసూరి 959లో ముగించిన యశస్తిలకంలోను, పుష్పదంతుని అపభ్రంశ కావ్యంలోను, 1209లో జన్నకవి కన్నడంలో వ్రాసిన యశోధరచరితెలోను ఉన్నది ఈ కథయే. ఉజ్జయిని రాజు యశోధరుడు భార్య చేసిన ద్రోహాన్ని కన్నులారా చూచి, తల్లికి నిజం చెప్పలేక, పీడకల వచ్చినదని బొంకినాడు. శాంతికోసం చండమారి దేవికి జీవబలి ఇవ్వవలసినదేనని తల్లి చంద్రమతి పట్టుపట్టినది. జీవహింసకు కొడుకు ఒప్పుకొనలేదు. ఎటూ తెగక, చివరకు ఒక రాజీకి వచ్చినారు. పిండితో కోడిని చేయించి, దానిని కత్తితో నరకడం. చచ్చిన ప్రాణి ఒక్కటీ లేదు. అయినను, ఆ తల్లీకొడుకులు నెమలిగా, కుక్కగా, చేపగా, మొసలిగా, మేకగా, చివరకు నిజమైన కోళ్ళుగా పుట్టి చచ్చి, చచ్చి పుట్టి ఆ బాకీ తీర్చినారు. వర్తకం ఎరిగినవారికి ఈ కథలో గ్రుచ్చుకొనేది రాజీయే. ఉభయపక్షాలకూ నష్టం లేదని చేతులు కలిపిన బేరంలోనే నష్టమంతా దాగియున్నది.

శాస్త్రం దీనికి కారణం చెప్పకపోలేదు. వస్తువును నాలుగు విధాల తెలిసికొనవలెనని తత్త్వార్థసూత్రం నిర్దేశించినది: నామం, స్థాపన, ద్రవ్యం, భావం. స్థాపన అనగా ఒక వస్తువునందు మరొక వస్తువును నిలిపి 'అదియే ఇది' యని తలచుట. రాతియందు జినేశ్వరుని నిలుపుట స్థాపన. చదరంగపు కొయ్యను గుర్రమనుటయు స్థాపనయే. అట్లే పిండియందు కోడిని నిలుపుట. ప్రతిమకు మ్రొక్కినవానికి పుణ్యం కలదని ఒప్పుకొన్నవాడు, పిండికోడిని నరికినవానికి పాపం లేదని వాదించలేడు. ఒక త్రాసుతో అమ్మి, మరొక త్రాసుతో కొన్నట్లవుతుంది. ప్రతిమారాధన నంగీకరించని స్థానకవాసి కుటుంబాలు ఈ త్రాసును తప్పించుకొన్నట్లు కనబడవచ్చును. కాని వారికి మిగిలినది మరింత కఠినమైన కొలత. అది మనస్సు.

అయితే, బలిని బొమ్మగా గీసినవాని సంగతేమి? గీయుటయు స్థాపనయే గదా! కాగితంమీద బలిపశువును నిలిపిన చేతికీ, పిండితో కోడిని మలచిన చేతికీ నడుమ దూరం ఎంత? ఆ బొమ్మను కొని గోడకు తగిలించినవాడు, తెరచి చూచి ఆనందించినవాడు ఏ లెక్కలోనికి వస్తారు?

ఇది తర్కంకోసం కల్పించిన చిక్కు కాదు. 1777 సెప్టెంబరు 1వ తేదీన పసిఫిక్ మహాసముద్రంలోని తాహితి దీవిలో ఒక చిత్రకారుడు అచ్చముగా ఈ స్థితిలో నిలిచినాడు. ఇంగ్లీషు నావికుడు జేమ్స్ కుక్ తన మూడవ యాత్రలో వెంట తీసికొనిపోయిన జాన్ వెబ్బర్ అతడు. ప్రక్కదీవి మోరియామీద యుద్ధానికి దైవసహాయం కోరి తాహితి ప్రభువులు నరబలి సంకల్పించినారు. వారి రాతి దేవస్థలాన్ని మరే అంటారు. కుక్, అతని వారు అచటికి చేరేసరికే ఆ మనుష్యుడు రాతిదెబ్బతో చంపబడియున్నాడు. టోపీలు తీయవలెనని కోరగా ఆంగ్లేయులు టోపీలు తీసి నిలబడినారు. శవాన్ని కట్టెకు కట్టి ముందుంచి ప్రార్థనలు చేసినారు. తరువాత ఒక కుక్కను చంపి దేవునికి పెట్టినారు. అచట వరుసగా ఉన్న పుర్రెలను కుక్ లెక్కించగా 49 తేలినవి. వెబ్బర్ ఈ దృశ్యాన్ని గీసినాడు. లండనులో విలియం ఉల్లెట్ దానిని రాగిరేకుమీద చెక్కగా, 1784లో అచ్చయిన యాత్రాగ్రంథంతోపాటు అది ఐరోపా అంతటా పోయినది. వాద్యగాండ్రు, పూజారులు, పుర్రెల వరుస, శవం అన్నియు ఆ బొమ్మలో కనబడతవి. నిలిచి చూచుచున్న కుక్ కూడ కనబడతాడు.

శ్రావకులు హింసను కృతం, కారితం, అనుమోదితం అని మూడు తరగతులుగా లెక్కిస్తారు. తాను చేయుట, చేయించుట, చేసినదానికి ఔననుట. వెబ్బర్ చేయలేదు, చేయించలేదు. ఔననలేదు కూడ. ఆంగ్లేయుల కా కర్మ అసహ్యమే అయినది. కాని టోపీ తీసి నిలబడినారు. నడుమ అడ్డుపడలేదు. అడ్డుపడినను చచ్చినవాడు బ్రతుకడు. ఈ మాత్రం నిలుచుట అనుమోదన యవుతుందా, కాదా అన్నచోట పండితులు ఏకాభిప్రాయానికి రావడం కష్టం. పీణ్యలో చెప్పులు విడిచి నిలిచిన యజమానికంటె వెబ్బర్ స్థితి ఒక విధంగా మేలు. గుమ్మడికాయకు డబ్బిచ్చినవాడు యజమానియే గనుక, అది బలియే అయితే అతనిది కారితం.

తరువాత జరిగినది అంతకంటె ఆలోచింపదగినది. టోహా అనే ప్రభువు ఈ బలివిషయమై కుక్ అభిప్రాయం అడిగినాడు. దుబాసిగా నిలిచినవాడు ఒమాయ్. అతడు ఆ దీవులలో పుట్టి, ఇంగ్లండు పోయి, కుక్ ఓడలో తిరిగివచ్చినవాడు. ఇంగ్లండులో ఇట్టి పని చేస్తే ఎంతటి ప్రభువునైనను ఉరితీస్తారని అతడు చెప్పినాడు. టోహా మండిపడి ఆపైన ఒక్క మాటయు విననొల్లలేదు. అచటనున్న సేవకులు మాత్రం ఒమాయ్ మాటలను శ్రద్ధగా విన్నారని కుక్ వ్రాసియుంచినాడు. బలికి ఎవరిని ఎత్తుకొనిపోతారో ప్రభువులకంటె సేవకులకే బాగుగా తెలుసును.

ఉరితీస్తారన్న మాట అబద్ధం కాదు. ఆ కాలపు ఇంగ్లండు చట్టంలో సుమారు 200 నేరాలకు మరణశిక్ష ఉండెను. దొంగతనాలకుకూడ ఉరి. లండనులో టైబర్న్ అనేచోట 1783 వరకు బహిరంగంగా ఉరితీసేవారు. జనం తండోపతండాలుగా పోయి, డబ్బిచ్చి మంచెలెక్కి చూచేవారు. హోగార్త్ అనే చిత్రకారుడు 1747లో ఆ సంతను కూడ చెక్కి అమ్మినాడు. ఇద్దరు నేతపనివారి కథగా వ్రాసిన బొమ్మల వరుసలో, బుద్ధిమంతుడు నగరానికి మేయరగుటయు, సోమరి ఉరికంబమెక్కుటయు కలవు. కొన్నవారికి అది నీతిబోధ. సోమరిపిల్లలకు చూపించి భయపెట్టడానికి పనికివచ్చినది. పుర్రెలు లెక్కించడం నేర్చిన కన్ను, తన ఊరి ఉరికంబాన్ని ఆ లెక్కలో కలుపలేదు. ఖాతా పుస్తకంలో ఎదుటివాని పద్దులన్నీ ఎక్కించి, స్వంత పద్దు మాత్రం విడిచిపెట్టినట్లయినది.

చిత్రం అబద్ధమాడే మార్గం ఇదొక్కటే కాదు. కుక్ మొదటి యాత్రలో సిడ్నీ పార్కిన్సన్ అనే యువకుడు గీసిన నాట్యదృశ్యాన్ని, 1773లో హాక్స్‌వర్త్ గ్రంథం అచ్చుకు పోయినపుడు, సిప్రియాని అనే ఇటలీ చిత్రకారుడు తిరుగ వ్రాసినాడు. దీవి స్త్రీలు గ్రీకు అప్సరసలయినారు. బలి భయంకరమైతే నాట్యం మోహనమయినది. రెండూ ఇంటి కుర్చీలో కూర్చొని చూచేవానికోసం సవరించినవే. యుద్ధమే కూడదనే క్వేకరు మతంలో పుట్టిన పార్కిన్సన్ తన బొమ్మకు జరిగిన ఈ సంస్కారాన్ని చూడలేదు. 1771 జనవరిలోనే ఓడలో మరణించినాడు.

ఆ యాత్రలోనే వేరొక చేయి కూడ బొమ్మలు గీసినది. రయియాతెయా దీవికి చెందిన తుపాయియా ఒక పూజారి, నావికవిద్యలో దిట్ట. 1769లో కుక్ ఓడ ఎక్కినాడు. తాహితిలో పెద్దవారు చనిపోయినపుడు ముత్యపుచిప్పల ముఖకవచం, ఈకల దుస్తు ధరించి, అడ్డమువచ్చినవారిని తరుముచు తిరిగే శోకనాయకుని బొమ్మ ఒకటి కలదు. చాలకాలం దాని కర్త ఎవరో తెలియక, 'శోకనాయకుని చిత్రకారుడు' అనే పిలిచేవారు. 1812లో జోసెఫ్ బ్యాంక్స్ వ్రాసిన ఒక ఉత్తరం ఆధారంగా, ఆ చేయి తుపాయియాదేనని 1997లో తేలినది. ఆ బ్యాంక్స్ 1769 జూనులో ఇట్టి శోకయాత్రలో స్వయముగా పాల్గొన్నాడు. దుస్తులు విప్పి, ఒంటికి బొగ్గు పూసికొని, శోకనాయకుని వెంట నడచినాడు. వేడుకకో, విద్యకో చేసినాడనుకొన్నను, ఆ ఒక్క దినం అతడు బొమ్మ లోపలివాడయినాడు. తుపాయియా బొమ్మలో భయమూ లేదు, మోహమూ లేదు. ఇంటి సామాను పట్టీ వ్రాసినట్లు, కవచం, చిప్పలు, ఈకలు ఒక్కొక్కటి ఉన్నచోట ఉన్నవి. పనితనంలో వెబ్బర్‌తో సరితూగనిది. నమ్మదగినది మాత్రం అదే.

ఇట్టి చూపు తాహితితో ఆగిపోలేదు. కుక్ రెండవ యాత్రలో, 1772 నుండి 1775 వరకు, చిత్రకారుడుగా ఉన్న విలియం హోడ్జెస్ 1780లో మద్రాసు చేరినాడు. ఆ సంవత్సరమే హైదరాలీ సేనలు కర్ణాటకంలోనికి చొచ్చుకొనిరాగా లోపలి సీమలకు పోలేకపోయినాడు. పిమ్మట ఉత్తరదేశం పోయి, కాశీ ప్రాంతంలో సహగమనం చూచి, చిత్రించి, 1793లో అచ్చువేసిన తన యాత్రాగ్రంథంలో చేర్చినాడు. దీవులలో ఆచారాలను చూచుట కలవాటుపడిన కన్ను, అదే దూరాన నిలిచి, భారతదేశపు చితిని చూచినది.

జైనులు ఈ త్రాసులో కొలిచేవారుగానే ఉండిపోలేదు, కొలువబడినారు కూడ. 1799 తరువాత మైసూరు సీమను సర్వే చేసిన కాలిన్ మెకెంజీవద్ద ఏలూరువాడయిన కావలి వేంకట బొర్రయ్య ముఖ్య సహాయకుడు. అతడు 1803లో చిన్నవయస్సుననే పోయినాడు. ముడిగెరెలో ఒక జైన గురువు చెప్పగా బొర్రయ్య మెకెంజీకోసం ఇంగ్లీషులోనికి తెచ్చిన జైనుల వృత్తాంతం ఏషియాటిక్ రీసెర్చెస్ తొమ్మిదవ సంపుటంలో అచ్చయినది. ఇంగ్లీషు పాఠకులు జైనులను గూర్చి చదివిన తొలి వ్యాసాలలో అది ఒకటి. దాని నడుమ ఒక తెలుగువాని చేయి ఉన్నదని జైన కుటుంబాలలోనే చాలమంది ఎరుగరు. తప్పులుండవచ్చును. కాని ఆ వృత్తాంతానికి ఆధారం, దూరంనుండి చూచినవాని ఆశ్చర్యం కాదు, ఆచరించేవాని నోటిమాట. మలెయూరు జైన పండితుడు ధర్మయ్య కూడ మెకెంజీకి శాసనాలు చదివిపెట్టినాడు. 1816లో మద్రాసులో థామస్ హిక్కీ వ్రాసిన మెకెంజీ వర్ణచిత్రంలో దొర చుట్టూ ముగ్గురు దేశీయులున్నారు. అందులో ఒకరిని ధర్మయ్యగా గుర్తిస్తారు. వెనుక, దూరాన కొండమీద, గోమటేశ్వరుడు. గోమటేశ్వరుని వర్ణించేవాడు జైనుడొకనిని ప్రక్కన నిలుపుకొన్నాడన్నమాట. వెబ్బర్ బొమ్మలో తాహితివారికి ఆ భాగ్యం లేదు.

దూరంనుండి తీసిన బొమ్మ ఎంత నొప్పించునో 2015లో జైనులు అనుభవించినారు. ఆ ఆగస్టు 10న రాజస్థాన్ హైకోర్టు సల్లేఖనను ఆత్మహత్యగా పరిగణించగా, ఆగస్టు 31న సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలిపివేసినది. నడుమ మూడు వారాలు వార్తాపత్రికలలోను, టెలివిజన్ తెరమీదను ఆ వ్రతం చర్చకు వచ్చినది. ఆహారం విడిచిన శరీరాన్ని కెమెరా పట్టగలదు. అంతకు ముందు ఇంటింటికీ కబురుపెట్టి క్షమాపణ వేడుట, మమకారాలు ఒక్కొక్కటి వదలుకొనుట, అన్నిటికంటె మనస్సులోని సమత, ఏ కెమెరాకూ అందవు. ద్రవ్యం చిక్కినది, భావం చిక్కలేదు. శ్రవణబెళగొళలోని చంద్రగిరి శాసనాలలో సల్లేఖన చేసినవారిని చెక్కినవారు ముని శిష్యులు, బంధువులు. వారు లోపలివారు. ఒకటే మరణం, ఒకరి బొమ్మలో వ్రతం, వేరొకరి బొమ్మలో నేరం. ఆ నొప్పి తగిలినవాడు తాహితి బొమ్మను చూచేటపుడు కొంచెం తొందర తగ్గించుకొనుట న్యాయం. నరబలి మంచిదనుట కాదు. చంపబడినవాని ప్రాణం ఎవరి దృష్టికోణంచేతను తిరిగి రాదు. అనేకాంతవాదం హత్యకు సాకు కాదు. చూచేవాడు ఎచట నిలిచి చూచినాడో చెప్పుమని మాత్రం అది అడుగుతుంది.

కొందరు మరింత కఠినంగా, హింసను చూపే బొమ్మయే కూడదంటారు. రత్నకరండక శ్రావకాచారం అనర్థదండాలలో దుఃశ్రుతిని చేర్చినది. మనస్సును కలుషితం చేసే కథలు వినుటయు వృథాపాపమే. ఆ వాదం తేలికగా త్రోసివేయదగినది కాదు. కాని జైన చిత్రకారులే యశోధరచరిత్ర వ్రాతప్రతులలో చండమారి గుడిని, బలిని రంగులతో వ్రాసినారు గదా! పైగా ఆ కథ చెప్పబడిన సందర్భమేమి? మారిదత్తుడనే రాజు నరబలికోసం ఇద్దరు బాలతాపసులను పట్టితెప్పించినాడు. ఆ బాలుడు అభయరుచి కత్తిక్రింద నిలిచి చెప్పినదే ఈ పిండికోడి కథ. తానే ఆ యశోధరుడననియు, ఆ కోడిని నరికినది తానేయనియు చెప్పినాడు. చెప్పి ముగించేసరికి రాజుచేతి కత్తి దిగినది. ఒమాయ్ కూడ బలి తప్పని చెప్పినాడు, టోహా వినలేదు. ఒకడు 'మా దేశంలో నిన్ను ఉరితీస్తారు' అన్నాడు. రెండవవాడు 'ఈ పని నేను చేసినాను, ఇట్లయినాను' అన్నాడు. బొమ్మ ఒకటే, చెప్పేవాడు నిలిచినచోటు వేరు.

ఈ కొలతతో పీణ్య ఫొటోను తిరిగి చూడవలె. గుమ్మడికాయ బలియని యజమాని తలచినాడు. అతని పెద్దలు పిండికోడియన్నారు. మేస్త్రీని ఎవరూ అడగలేదు. అడిగితే అతడు బలి మాట ఎత్తడు, దిష్టి అంటాడు. యంత్రానికి తగిలే కీడు కాయకు తగలవలెనని అతని కోరిక. పవర్ ప్రెస్సు ఎదుట కూర్చొని రోజంతా రేకు పెట్టి, కాలితో పెడలు త్రొక్కేవానికి కీడు అంటే ఏమో ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. చేయి ఒక్క క్షణం ఆలస్యంగా వెనుకకు వస్తే వ్రేళ్ళు పోతవి. అతడు గుమ్మడికాయలో నిలిపినది దేవత ఆకలిని కాదు, తన చేతినే. అదియు స్థాపనయే.

వ్రేళ్ళు పోకుండుటకు గుమ్మడికాయకంటె మేలైన ఉపాయాలున్నవి. రెండు చేతులూ రెండు మీటలమీద ఉంటేనే దిగే ప్రెస్సులున్నవి. ప్రెస్సు నోటికి అడ్డంగా ఇనుప జాలి బిగించవచ్చును. 1948నాటి ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షనులోనే ప్రమాదకరమైన యంత్రభాగాలకు కంచె విధించినది. జాలి ఉంటే రేకు పెట్టడం ఆలస్యమవుతుంది, రోజుకు దిగే కాయల లెక్క తగ్గుతుంది. ఆర్డరు తొందరలో జాలిని ఊడదీసి ప్రక్కన పెట్టడం ఈ వ్యాపారంలో తెలియని సంగతి కాదు. ఊడదీయుమని నోటితో చెప్పినవాడుండడు. లెక్క తగ్గినదని అడిగేవాడుంటాడు.

యజమాని బంధువులకు పంపిన ఫొటోలో పగిలిన గుమ్మడికాయ ముందున్నది, దాని వెనుక దండ వేసిన ప్రెస్సు, ఆ వెనుక గోడ. ముందున్న ఎరుపు చూచి పెద్దలు కలవరపడినారు గనుక గోడవైపు ఎవరి దృష్టీ పోలేదు. గోడకు కొట్టిన మేకుకు ఒక ఇనుప జాలి వ్రేలాడుతూ ఉన్నది. మేస్త్రీ దానికి కూడ పసుపు రాసి బొట్టు పెట్టినాడు.